పద్దెనిమిది వేల దగ్గర ఆగిన ఓడోమీటరు గారికి

మహారాజశ్రీ ఓడోమీటరు గారి సముఖమునకు,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఆనవాయితీ గనుక పెడుతున్నాను గానీ, గడిచిన ఆదివారం మధ్యాహ్నం నుంచి నా కుశలం అంతంతమాత్రమే. తమరు మాత్రం కొంపల్లిలో ఆ రేకుల షెడ్డు కింద, మూడేళ్ళు కూడా నిండని తెల్లటి ఏడు సీట్ల బండిలో, స్టీరింగు వెనక అద్దం చాటున, 18,214 కిలోమీటర్లు అనే అంకెను నుదుటి బొట్టులా దిద్దుకుని క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. శనివారం రాత్రి తమ ఫొటో ఫోనులో చూసి, వేరే ఎవరైనా తన్నుకుపోతారేమోనన్న భయంతో అయిదు వేల రూపాయలు టోకెన్ అడ్వాన్సుగా పంపినవాణ్ణి నేనే. మర్నాడు భోజనాలు కూడా సగంలో ముగించి, భార్యనూ మామగారినీ ఇద్దరు పిల్లలనూ మా పాత చిన్న బండిలో కుక్కుకుని, వనస్థలిపురం నుంచి తమ దర్శనానికి వచ్చినవాణ్ణి కూడా నేనే.

ఏడు సీట్ల బండే ఎందుకు అని తమరు అడగవచ్చు. ఇంతటి సంసారానికి ఇతర దేశాలలో డిక్కీని వెనక్కి సాగదీసిన ఎస్టేట్ కారు కొనుక్కుంటారు. మన దేశంలోనూ టాటావారు 1992లో ఎస్టేట్ అనే పేరుతోనే ఒక బండి తెచ్చారు, 2004లో ఇండిగో మెరీనా తెచ్చారు. ఈ పొడుగు తోక బండ్లు మనకెందుకని మనవాళ్ళు రెండింటినీ సాగనంపారు. కనుక మనకు మిగిలింది ఏడు సీట్ల బండి. అందులో ఏడుగురూ ఎక్కితే సామాను పట్టదు, సామాను ఎక్కిస్తే ఏడుగురూ పట్టరు. అయినా ఊరి నుంచి బియ్యం బస్తా రావాలి, ఆవకాయ జాడీ ఒలకకుండా రావాలి, పండక్కి అందరం ఒక్క బండిలోనే వెళ్ళాలి. కొత్తది కొందామంటే, టైర్ల కింద నిమ్మకాయలు నలిగిన రోజు నుంచే దాని విలువ తరగడం మొదలవుతుంది. బీమావారి లెక్కలోనే ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్ళు దాటితే 30 శాతం తరుగు. ఆ తరుగేదో మరొకరు భరించాక, బండి ఇంకా పడుచుగా ఉండగానే మనం కొనుక్కోవడం వివేకమని ఆరు నెలలుగా నేను ఇంట్లో ఉపన్యాసాలు ఇస్తున్నాను. ఆ వివేకమంతా తమరి మీదే నిలబడి ఉంది.

అమ్మే ఆయన మమ్మల్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టాడు. "సింగిల్ హ్యాండ్ సార్, డాక్టరు గారి బండి, ఇంటికీ క్లినిక్కుకీ తప్ప తిరగలేదు" అన్నాడు. ఇప్పటికి నేను చూసిన తొమ్మిది బండ్లలో ఆరు డాక్టర్ల బండ్లే. ఈ నగరంలో ఏ క్లినిక్కుకు వెళ్ళినా గంటల తరబడి ఎందుకు కూర్చోవలసి వస్తుందో అప్పుడు బోధపడింది: డాక్టర్లందరూ కార్లు కొని అమ్ముకునే పనిలో ఉన్నారు. బండి మీద ఉన్న నాలుగు చలాన్ల సంగతి అడిగితే, అవి కట్టకుండా ఆగితే రాయితీ వస్తుందన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను తగ్గి కొత్త బండ్ల ధరలే దిగాయి కదా అంటే, ఆ వార్త తన షెడ్డు దాకా రాలేదన్నట్టు చూశాడు. విజయవాడను బుడమేరు ముంచిన 2024 నుంచి మాలాంటివాళ్ళం ఏ పాత బండి చూసినా సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమోనని వెతుకుతున్నాం. న్యాయం చెప్పాలంటే ఆ పరీక్షలో బండి నెగ్గింది.

మా మామగారు ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి పదవీ విరమణ చేసినవారు. ఆయన తమ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తలుపు తీసి, నడుం వంచి, పెడళ్ళను చూశారు. బ్రేకు పెడలు రబ్బరు మీది గీతలు ఒక పక్కకు పూర్తిగా అరిగి, గచ్చులా నున్నబడ్డాయి. "అల్లుడు గారూ, ఈ బ్రేకు తొక్కింది ఒక్క కాలు కాదు" అన్నారాయన. స్టీరింగు పైభాగం నూనె రాసిన తలలా నిగనిగలాడుతోంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి ఒరుసుకునే చోట డ్రైవరు సీటు అంచు కుంగిపోయి ఉంది. ఆ కుంగుబాటు మీద ప్లాస్టిక్ వాసన కూడా పోని కొత్త కవరు తొడిగారు. టైరు పక్కభాగంలో చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, వాటిలో మొదటి రెండూ అది తయారైన వారాన్నీ, చివరి రెండూ సంవత్సరాన్నీ చెబుతాయి. నాలుగు చక్రాల మీదా 1125 అని ఉంది, అంటే 2025లో పదకొండో వారం. స్టెప్నీ మీద మాత్రం 4722 అని ఉంది. 2023 మొదట్లో రిజిస్టరైన ఆ బండికి పుట్టింటి నుంచి వచ్చిన టైరు ఆ ఒక్కటే మిగిలింది. నలభై వేల కిలోమీటర్లయినా లాగవలసిన టైర్లు పద్దెనిమిది వేలకే, నాలుగుకు నాలుగూ ఎందుకు మారాయని అడిగితే, డాక్టరు గారు చాలా జాగ్రత్తపరులు సార్ అని జవాబు వచ్చింది.

చివరికి తలుపు పక్క స్తంభం మీద సగం చింపిన సర్వీసు స్టిక్కరు కనబడింది. చింపినవాడు తొందరలో పై సగం చింపి, చింపవలసిన సగాన్ని వదిలేశాడు. తదుపరి సర్వీసు: 70,000 కిలోమీటర్లు. సర్వీసు సెంటరులో పనిచేసే మా వీధి కుర్రవాడికి ఫోను చేసి నంబరు చెబితే, 2025 ఏప్రిల్లో ఆ బండి చివరిసారి వచ్చినప్పుడు రీడింగు 61,906 అన్నాడు.

ఇక నుంచి తమరిని తమరు అనడం నా వల్ల కాదు, ఓడోమీటరూ. పెడలుకు నోరు లేదు, అయినా నిజం చెప్పింది. టైరు చెప్పింది, సీటు చెప్పింది, చిరిగిన కాగితం ముక్క చెప్పింది. లెక్క చెప్పడమే ఉద్యోగంగా పుట్టినదానివి నువ్వు ఒక్కదానివే, ఆ ఉద్యోగమైనా ఒకటో తరగతి పిల్లవాడు చేయగలిగిందే, ఒకటి తర్వాత రెండు అనడం; అది తప్ప నిన్ను ఎవరూ ఏమీ కోరలేదు. పాడైపోయి లెక్క తప్పి ఉంటే యంత్రం కదా అని ఊరుకునేవాణ్ణి. నువ్వు చక్కగా లెక్కపెట్టి, ఎవడో వచ్చి చెరిపేస్తే మారుమాట లేకుండా చెరుపుకుని, అడిగినవాడికల్లా వెలుగుతూ అబద్ధం చెప్పావు. మీ తాతలు కేబులుతో తిరిగే అంకెల చక్రాలు. వాళ్ళను వెనక్కి తిప్పాలంటే డాష్‌బోర్డు విప్పాలి, ఆ తర్వాత కూడా అంకెలు ఒక వరుసలో నిలబడక వంకరగా ఉండి దొంగను పట్టించేవి. వాళ్ళకు ఆపాటి సిగ్గు ఉండేది. నువ్వు డిజిటల్ అవతారం ఎత్తితే ఇక ఈ మోసం సాగదని సంబరపడ్డాం. ఇప్పుడు చాలా బండ్లలో స్టీరింగు కింది సాకెట్టుకు ల్యాప్‌టాప్ తగిలిస్తే టీ చల్లారేలోగా పని పూర్తవుతోంది.

ఎంత మింగావో నీకు తెలుసా? ఏప్రిల్ నాటి లెక్కనే తీసుకున్నా 43,692 కిలోమీటర్లు. భూమధ్యరేఖ వెంట భూమిని ఒకసారి చుట్టి రావడానికి 40,075 చాలు. ఎవరో ఒక డ్రైవరు, లేదా మామగారు అన్నట్టు వంతులు వేసుకున్న ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు, అర్ధరాత్రి శంషాబాదు విమానాశ్రయానికీ తెల్లవారుజామున ఆఫీసులకూ నిద్ర ఆపుకుంటూ నడిపిన దూరం అది. వాళ్ళ నడుం నొప్పులను ఏ ల్యాప్‌టాపూ వెనక్కి తిప్పలేదు. నీ మాట నమ్మి ఉంటే నేను ఆ క్లచ్చూ ఆ బ్రేకులూ ఇంకా లేతవే అనుకుని, పిల్లలను ఎక్కించుకుని శ్రీశైలం ఘాటు దిగేవాణ్ణి. ఇది నవ్వుకునే విషయం కాదు. ఇంతసేపూ నవ్వినందుకు నాకే చిరాకుగా ఉంది.

అమ్మే ఆయనను నిలదీస్తే ఏమాత్రం తడబడలేదు. "మీటరు ఎందుకు సార్, బండి చూడండి" అన్నాడు మొదట. నేను గొంతు పెంచాక, తాను మాత్రం గొంతు తగ్గించి, "అరవై రెండు వేలని పెడితే మీరు ఫోన్ చేసేవారా సార్?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఫోనులో బండ్లు వెతికేటప్పుడు ఇరవై వేలు దాటినవేవీ కనబడకుండా గడి నింపి పెట్టుకున్నవాణ్ణి నేను. అరవై రెండు వేలు తిరిగి, నిజం చెప్పుకున్న బండ్లన్నీ ఆరు నెలలుగా నా కంటపడకుండానే పోయాయి.

టోకెన్ సంగతి అడిగాను. వెనక్కి ఇవ్వడం కుదరదు, ఇంకో బండిలో సర్దుతామన్నాడు. అక్కడ మీటర్లు వెనక్కి వెళ్తాయి గానీ టోకెన్లు వెనక్కి రావు. ఆపైన బయట ఆగి ఉన్న మా పాత బండి వైపు చూసి, అది ఎంత తిరిగిందని అడిగాడు. లక్షా ముప్పై ఒక్క వేలు అన్నాను. "డెబ్బై చేద్దాం సార్, ఎక్స్ఛేంజిలో ఇంకో అరవై వేలు ఎక్కువ పడుతుంది" అన్నాడు. ఇది నీకు మాత్రమే చెబుతున్నాను, నేను వెంటనే కాదనలేదు. ఎంతసేపు పడుతుందని అడిగాను. వెనక నిలబడిన మామగారు దగ్గారు.

తిరుగు ప్రయాణంలో ఎవరమూ మాట్లాడుకోలేదు. ఇంటి ముందు బండి ఆపి, తాళం తిప్పబోతూ, పదకొండేళ్ళుగా నా ముందే ఉన్నా ఎన్నడూ సరిగా చూడని మీ అన్నను చూశాను. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు 1,31,502. ఇప్పుడు 1,31,566. రానూ పోనూ అరవై నాలుగు కిలోమీటర్లు, కొంపల్లి దగ్గర దారి తప్పి వెనక్కి తిరిగిన ఆ అరకిలోమీటరుతో సహా, ఒక్కటీ వదలకుండా రాసిపెట్టాడు, పిచ్చివాడు.

ఇట్లు,
డాక్టరు కాని ఒక సింగిల్ ఓనరు