పెద్దాయన మెదడు వంటింట్లో ఉంది

బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడిన మన తెలుగు పెద్దలు ఒక గొప్ప వైద్య విధానాన్ని కాపాడుకొస్తున్నారు. లక్షణం ఏదైనా రోగం ఒక్కటే, బద్ధకం. మందూ ఒక్కటే, "నీ వయసులో నేను" అని మొదలయ్యే ఉపన్యాసం. పరీక్షలు అక్కర్లేదు, ఫీజు లేదు. అదే ఊళ్లో హోసూరు రోడ్డు మీద మెదడు, మనసు జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఎందుకు కట్టారో వారికి ఇప్పటికీ అంతుపట్టదు.

డాక్టర్లు మాత్రం ఏవేవో చెబుతారు. పని మొదలుపెట్టడం, వరస తేల్చుకోవడం, చేయాల్సింది గుర్తుంచుకోవడం, మధ్యలో మనసు మళ్లకుండా ఆపుకోవడం, వీటన్నిటినీ కలిపి ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారట. ఇందులో పెద్ద పాత్ర నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌దట. అది 20 ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుందట. ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ ఉన్నా, తలకు దెబ్బ తగిలినా, కుంగుబాటు వచ్చినా, నిద్ర చాలకపోయినా, తెలివికి లోటు లేనివాడికి కూడా ఈ వ్యవహారం తడబడవచ్చునట.

సాక్ష్యం కావాలంటే అలాంటి ఒక పెద్దాయన కొడుకు ఉన్నాడు. ఆఫీసులో చిక్కుముడి లాంటి కోడ్ విప్పుతాడు. ఇంట్లో ఉతికిన బట్టలు మాత్రం మెషిన్‌లోనే ముక్కిపోతున్నాయి. ఆరేయాలంటే స్టాండు మీద పాతవి తీయాలి. తీస్తే మడతపెట్టాలి. మడతపెడితే అలమరలో చోటు కావాలి. చోటు కావాలంటే ఏవి ఎవరికి ఇచ్చేయాలో తేల్చాలి. అలమర తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంతలో ఫోను మోగింది.

"రెండు గుడ్డలు ఆరేయడానికి ఇంత కథా?" అన్నారు పెద్దాయన.

నిజమే, ఆయన జీవితంలో ఏ పనీ ఇంత కథ కాలేదు. స్నానానికి లేస్తే తువ్వాలు తలుపు మీద ఉంటుంది. టిఫిన్ అయ్యేసరికి బీపీ మాత్ర అరచేతిలో పడుతుంది. బీమా ప్రీమియం గడువు, గ్యాసు బుకింగు, పాలవాడి లెక్క వాటంతటవే జరిగిపోతాయి. "ఏమోయ్, నా కళ్లజోడు?" "నెత్తి మీదే ఉందండీ." ఆయన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఏనాడూ తడబడలేదు. నలభై ఏళ్లుగా వంటింట్లో పోపు వేస్తూనే పనిచేస్తోంది.

ఆవిడ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి వెళ్తారు. ఏ పూట ఏ మాత్ర, ఏ డబ్బాలో ఏముంది, పడుకునే ముందు ఏవేవి ఆపాలి, అన్నీ వరసగా ఉంటాయి. పనిని చిన్న మెట్లుగా విడగొట్టి కళ్లెదుట పెట్టుకోమని నిపుణులు చెప్పేదీ ఇదే. మొన్న కొడుక్కీ అలాంటిదొకటి రాయబోయారు.

"వాడికి కాగితాలు రాసిచ్చి చెడగొట్టకు" అని పెద్దాయన గద్దించారు. "అది సరే, ఇందాక నేను మాత్ర వేసుకున్నానా?"