పిల్లల నవలలో గుబులు ఉండకూడదంట!

పెన్నా నీళ్లంటే లోపల్లోపల భయపడే ఒక పిల్లాడి మీద పిల్లల కోసం నవల రాశాను. మొన్న ఒక పెద్దాయన ఆ రాతప్రతి చదివి ఫోన్ చేశారు. పిల్లల పుస్తకాలు చాలా చూసిన మనిషి. "అమ్మా, భాష బాగుంది, పెన్నా బాగుంది, ఆ పిల్లాడే బాలేదు. నవలంతా భయపడుతూనే ఉంటాడేంది? చివర్లో వాడికి ఈత నేర్పించండి, పోటీల్లో ఒక కప్పు ఇప్పించండి. చదివే పిల్లలకి ధైర్యం వస్తుంది" అన్నారు. పైగా 140 పేజీలు ఎక్కువంట, 64కి కోసెయ్యమన్నారు. "సరేనండీ, చూస్తాను" అని ఫోన్ పెట్టేశాను. చూడను. ఎందుకు చూడనో చెప్తాను, పొడుగైతే తిట్టుకోకండి.

2021 నవంబర్. మాది నెల్లూరు, పెన్నా కట్టకి దగ్గర. పైనున్న సోమశిల డ్యామ్ నుంచి లక్షల క్యూసెక్కుల నీళ్లు వదిలిన ఆ రోజులు ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. అవతల పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి, హైవే దెబ్బతింది. మా వీధిలోకి రాత్రిపూట వచ్చాయి నీళ్లు. మావాడు అప్పుడు మూడో తరగతి. నిద్రలో ఉన్నవాణ్ణి అలాగే భుజానేసుకుని మా అక్క వాళ్లింటికి పోయాం. నాలుగు రోజులకి తిరిగొచ్చి బురద కడుక్కున్నాం. బియ్యం ఎన్ని పోయాయి, ఫ్రిజ్ బాగవుతుందా, పరుపు ఆరుతుందా, అన్నీ లెక్కేసుకున్నాం. పిల్లాడు ఏడవలేదు, మారాం చెయ్యలేదు. "బంగారుకొండ, జడుసుకోలేదు" అని వాళ్ల అవ్వ దిష్టి తీసేసింది. అంతటితో వాడి లెక్క తేలిపోయిందనుకున్నాం.

జడుపు సంగతి మనకు బాగా తెలుసు. పిల్లాడు ఉలిక్కిపడి లేచినా, ఒళ్లు కాలినా, జడుపు జ్వరం అంటాం. సాయంత్రం మసీదు మెట్ల దగ్గర నిలబెట్టి ఊదిస్తాం, తాయెత్తు కట్టిస్తాం. ఆ మాట కనిపించే భయానికి. కనపడకుండా లోపల కూర్చునేదానికి తెలుగులో చక్కటి మాట ఇంకొకటి ఉంది, గుబులు. కానీ దాన్ని పెద్దవాళ్లకే వాడుకుంటాం. అప్పు తీర్చాల్సినవాడికి గుబులు, పెళ్లికెదిగిన కూతురున్న తల్లికి గుబులు. ఎనిమిదేళ్ల వాడికి గుబులేంది, వాడికేం తక్కువ అంటాం. నేనూ అన్నాను.

తర్వాత మబ్బు పట్టినప్పుడల్లా వాడికి కడుపు నొప్పి. డాక్టర్ చూశారు, స్కాన్ తీశారు, ఏమీ లేదు. "స్కూల్ ఎగ్గొట్టడానికి నాటకాలు" అని నేనే తీర్పు చెప్పాను. నేనే టీచర్‌ని మళ్లీ! ఒకరోజు ఇల్లూడుస్తుంటే వాడి చెప్పులు మంచం మీద, దిండు పక్కన కనిపించాయి. "చెప్పులు పక్కమీద పెట్టుకుంటారా ఎవరన్నా?" అని వీపు మీద ఒకటిచ్చి గుమ్మం బయట పడేశాను. మర్నాడు మళ్లీ అక్కడే ఉన్నాయి. ఈసారి పాత న్యూస్‌పేపర్లో చుట్టి, దిండు కింద. అప్పటికీ నాకు వెలగలేదు. వరదరోజు వాణ్ణి వట్టికాళ్లతో ఎత్తుకుపోయామని, వాడి చెప్పులు నీళ్లలో కొట్టుకుపోయాయని గుర్తొచ్చే సరికి నెలలు గడిచిపోయాయి.

గుర్తు చేసింది రొట్టెల పండగ. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు కదా. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె. కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరినవాళ్లు తర్వాత తెచ్చి పంచుతారు. 2022 ఆగస్టులో మేమూ వెళ్లాం. మా ఆడపడుచు ఉద్యోగం రొట్టె కోసం నీళ్లలో దిగింది. వీడు ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. నా కొంగు పిడికిట్లో పట్టుకుని, కాలివేళ్లు మెట్టుకి బిగించి నిలబడ్డాడు. అందరూ అరుస్తున్నారు, చదువు రొట్టె, ఆరోగ్యం రొట్టె అని. వాడు నా చెవిలో అడిగాడు. "అమ్మా, భయం పోయే రొట్టె ఎక్కడిస్తారు?"

"మగపిల్లోడివి, నీకు భయమేందిరా" అనేశాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఇంటికొచ్చాక రాత్రి వాణ్ణి పక్కలో వేసుకుని మెల్లగా అడిగితే అప్పుడు చెప్పాడు, చెప్పుల సంగతి, కడుపు నొప్పి సంగతి. నవంబర్ నుంచి ఆగస్టు దాకా తొమ్మిది నెలలు ఒక్కడే మోశాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ తొమ్మిది నెలల్ని రెండు పేజీల కథలో ఎలా పెట్టాలి? మన దగ్గర పిల్లల కథంటే రెండు పేజీలు, ఒక బొమ్మ, కింద నీతి. భయం గురించి కథైతే ముందే తెలిసిపోతుంది. చీకట్లో దెయ్యం కనిపిస్తుంది, దగ్గరికెళ్లి చూస్తే ఆరేసిన చొక్కా. అందరూ నవ్వుతారు, భయపడినవాడు తెల్లమొహం వేస్తాడు. అంటే ఆ కథ పిల్లాడికి నేర్పేదేంటి? భయం బయటపెడితే నవ్వుతారని. వాడు ఇంకాస్త లోపలికి తోసుకుంటాడు. దాచుకున్న భయానికి కథ చాలదు, నవలే కావాలని నా మొండి నమ్మకం. దాచుకోవడానికి రోజులు పడతాయి, చదివేవాడు కూడా ఆ రోజులన్నీ వాడితో గడపాలి. ఇంట్లోవాళ్లు అన్నం తింటూ, టీవీ చూస్తూ, కరెంటు బిల్లు గురించి గొడవపడుతూ పక్కనే ఉండి కూడా ఎలా చూడకుండా ఉంటారో పేజీ తర్వాత పేజీ కనపడాలి. 64 పేజీలకి కోస్తే మొదట పోయేవి ఆ పేజీలే.

ఇలాంటివి చదివితే పిల్లలు భయపడతారు అనే వాదన ఒకటుంది. శవాన్ని భుజానేసుకుని అర్ధరాత్రి శ్మశానంలో నడిచే విక్రమార్కుడి కథలు విని పెరిగినవాళ్లం మనం! అవి వింటూ పెరుగన్నం తిన్నాం. శవం బయటుంది కాబట్టి భయం లేదు. పెద్దవాళ్లకి ఇబ్బంది పెట్టేది ఇంట్లోనే ఉన్న భయం. అది పుస్తకంలోకొస్తే అమ్మా నాన్నా కూడా అందులో కనిపిస్తారు. వీపు మీద ఒకటిచ్చి చెప్పులు బయటపడేసిన అమ్మ కనిపిస్తుంది. అసలు బాధ అక్కడుందని నా అనుమానం.

పోయినేడాది మా ఐదో తరగతి పిల్లలకి రోజూ ఆఖరి పీరియడ్‌లో ఈ నవలే రెండేసి పేజీలు చదివి వినిపించాను. పెద్దగా ఏమీ అడగలేదు. నీతి చెప్పమనలేదు, కప్పు ఎప్పుడొస్తుందనీ అడగలేదు. ఒకమ్మాయి మాత్రం అందరూ వెళ్లాక నిలబడి, "టీచర్, నాకు నవోదయ సీటొస్తే తప్పకుండా పోవాల్నా?" అంది. క్లాసులో లెక్కల్లో దానికి తిరుగులేదు. మోడల్ పేపర్లలో మాత్రం తెలిసినవి కూడా తప్పు పెడుతోంది. సీటొస్తే ఆరో తరగతి నుంచి అక్కడే ఉండాలి కదా, తమ్ముణ్ణి వదిలి. ఇంట్లో అందరూ ఆ సీటు కోసం మొక్కుకుంటున్నారు. ఎవరికి చెప్పుకుంటుంది? నేను పెద్దగా చేసిందేమీ లేదు, వాళ్ల నాన్నని పిలిపించి ఈ మాటే చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నవల మందు అని నేననను. పిల్లలు వారాల తరబడి సరిగ్గా నిద్రపోకపోతే, తినకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే, అవసరమైతే పిల్లల మనసు చూసే డాక్టర్‌కి. అదే పరువు తక్కువనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ గొడవ ఇంకో పోస్టులో.

పిల్లల పుస్తకాలకి మర్యాద లేదని కూడా కాదు. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, తెలుగుకీ ఇస్తోంది. సంతోషం. కానీ మా ఊరి పుస్తకాల షాపులో పిల్లల నవల అడిగితే స్పోకెన్ ఇంగ్లీష్ పక్కనున్న నీతికథల కట్ట చూపించారు. నీతి వద్దు, నవల కావాలంటే, "ఏ క్లాసుకి మేడం?" అన్నాడు కుర్రాడు. గైడు అనుకున్నాడు పాపం.

నా నవలలో పిల్లాడు ఈత నేర్చుకోడు. ఆఖరి అధ్యాయంలో వాళ్ల తాతతో కట్ట మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటాడు. నది కింద పారుతుంటుంది. "నాకిప్పటికీ భయమే తాతా" అంటాడు. "నాక్కూడా లేరా" అంటాడు తాత. అంతే.

ఇది మొదట చదివింది మావాడే. ఇప్పుడు మీసాలు మొలుస్తున్నాయి, అమ్మ రాసింది చదవడమంటే నామోషీ. అయినా రెండు రాత్రుల్లో చదివేశాడు. పొద్దున కాఫీ దగ్గర అడిగాడు. "అంతా బానే ఉందిగానీ, చెప్పులు రాయలేదేందమ్మా?"

నిజమే, రాయలేదు. నేను కొట్టిన సంగతి కూడా రాయాల్సొస్తుందని తప్పించుకున్నాను. ఇప్పుడు అదే రాస్తున్నాను. 140 పేజీలు 150 అవుతాయి. పెద్దాయనకి ఎవరన్నా చెప్పండి.