మట్టి గ్రౌండుకూ వీడియో కావాలి

అనంతపురంలో ఒక గ్రౌండులో ఈ మధ్య అమ్మాయిల హాకీ ప్రాక్టీసు చూశాం. పెనాల్టీ కార్నర్లు (ఒకరు నెట్టిన బంతిని ఇంకొకరు ఆపితే మూడో మనిషి గోల్‌కి కొట్టేవి) వరసగా ఆడిస్తున్నారు, ఒక్కటీ గోల్ కావడం లేదు, కొట్టే అమ్మాయి మీద కోచ్ గొంతు పెరుగుతూనే ఉంది. పక్కనున్న మిద్దె మీద నుంచి ఎవరో ఫోన్‌లో తీసిన వీడియోను తర్వాత మెల్లగా తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. గోల్ పక్కన బ్యాక్‌లైను మీద నుంచి నెట్టిన బంతి దారిలో ఒక గులకరాయికి తగిలి జానెడు ఎత్తు లేస్తోంది, ఆపే అమ్మాయి స్టిక్కును నేలకు ఆనించి సరిగ్గానే పెట్టినా దాని మీద నుంచి దూకి పోతోంది. కొట్టే పిల్లకు అందిందే వంకర బంతి. తిట్లు తిన్నది మాత్రం ఆ పిల్లే.

వీడియో, లెక్కలు, సాఫ్ట్‌వేర్ అంటే బెంగళూరులోని కేంద్ర క్రీడా సంస్థ సాయ్ సెంటర్లో శిక్షణ తీసుకునే జాతీయ జట్టుకే అనుకోవడం మన జిల్లాల్లో అలవాటైపోయింది. ఆ అలవాటు పోవాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్‌ను 2-1తో ఓడించి కాంస్యం తెచ్చుకున్నాం, ఆ రెండు గోల్సూ హర్మన్‌ప్రీత్ సింగ్ పెనాల్టీ కార్నర్ల మీద కొట్టినవే. అదే ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ అయ్యాక, షూటౌట్ నడుస్తుండగా అవతలి గోల్‌కీపర్ వీడియో ట్యాబ్లెట్ వాడాడని హాకీ ఇండియా ఫిర్యాదు కూడా చేసింది. పైస్థాయిలో వీడియో అంత దగ్గరికి వచ్చేసింది. 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ తొలిసారి కృత్రిమ గడ్డి (టర్ఫ్) మీదికి మారినప్పుడు మనం ఏడో స్థానానికి పడిపోయాం, ఆట మారిపోతుంటే మనం మట్టి మీదే ఉండిపోయాం. ఈసారీ అదే జరగకూడదు.

ఖర్చు మాటకొస్తే, పెద్ద జట్లు వాడే సాఫ్ట్‌వేర్ మన స్కూళ్లు కొనలేవు, నిజమే. కానీ కినోవియా లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. మామూలు ల్యాప్‌టాప్‌లో వేసుకుని వీడియోను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడొచ్చు, స్టిక్కు కోణం మీద గీత గీసి పిల్లకే చూపించొచ్చు. గ్రౌండు 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు, కింద నిలబడి తీస్తే ముందున్న ఇద్దరు తప్ప ఎవరూ కనబడరు. అందుకే మిద్దె ఎక్కాలి. మధ్యాహ్నం ఎండలో పెడితే ఫోన్ వేడెక్కి రికార్డింగ్ ఆగిపోతుంది, మన ఎండలు అలాంటివి, పొద్దున ఆరింటి ప్రాక్టీసే మేలు. ఒకవైపు కోచింగ్ ఇస్తూ లెక్కలు రాయడం ఒక్క మనిషి వల్ల కాదు కాబట్టి, కాలు బెణికి బయట కూర్చున్న పిల్లకో, సబ్‌స్టిట్యూట్‌కో నోటుబుక్కు ఇవ్వండి: డీ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం లాంటి గీత) లోపలికి ఎన్నిసార్లు వెళ్లాం, బంతి ఎక్కడ పోగొట్టుకున్నాం, ఎన్ని కార్నర్లు వచ్చాయి, అందులో బంతి శుభ్రంగా ఆగినవి ఎన్ని. మొదటి నెలకు ఇంతే చాలు. చివరిది మరీ ముఖ్యం, ఎందుకంటే కార్నర్‌లో బంతి డీ దాటి బయటికి వెళ్తే గానీ గోల్‌కి కొట్టడానికి రూలు ఒప్పుకోదు, అక్కడ ఆగకపోతే ఆ తర్వాత స్టిక్కుతో బంతిని గోల్‌కి విసిరే ఫ్లిక్కర్ ఎంత మంచివాళ్లు ఉన్నా లాభం లేదు.

ఇంకో మాట. టర్ఫ్ మీద ఆడే జట్ల అంకెలు తెచ్చి మట్టి మీద ఆడే మన పిల్లలతో పోల్చొద్దు. ఎగిరే బంతిని ఆపుతున్న పిల్లకి టర్ఫ్ మీది శాతం చూపించి నువ్వు వెనకబడ్డావంటే అది అన్యాయం. ఆమె అంకెను పోయిన నెల ఆమె అంకెతోనే పోల్చాలి. అదే వీడియోను గ్రౌండు బాగుచేయమని అడగడానికీ వాడండి, రాయి కళ్లకు కనిపిస్తుంటే ఏ అధికారీ కాదనలేడు.

వీడియో పిల్లల్ని నలుగురిలో చిన్నబుచ్చడానికి కాదు. తప్పున్న ముక్కను ముందు ఆ పిల్లకే చూపించండి, బాగా ఆడిన ముక్క అందరికీ చూపించండి. అమ్మానాన్నలను అడగకుండా ఆడపిల్లల వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే ఒప్పుకునేది లేదు, అవి కోచ్ దగ్గరే ఉండాలి.

రాష్ట్ర క్రీడా సంస్థ శాప్‌ను మేము అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో హాకీ నేర్పే పీఈటీలను, కోచ్‌లను రెండు రోజులు కడప క్రీడా పాఠశాలకు పిలిచి, వాళ్ల పిల్లల మ్యాచ్ వీడియోల మీదే ఈ పని నేర్పించండి, వెళ్లేటప్పుడు గ్రౌండుకో ట్రైపాడ్ చేతికివ్వండి. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు మొదలయ్యే లోపే.