అడ్డపొగ పాఠం: విశాఖ తీరం మరిచిన క్యాన్సర్ చరిత్ర

క్యాన్సర్ వైద్యంలో మనవాడి పేరు చెప్పమంటే ఎవరైనా యల్లాప్రగడ సుబ్బారావు అంటారు. భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో తన బృందంతో తయారుచేయించిన అమినోప్టెరిన్ అనే మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లల్లో వ్యాధిని కొన్నాళ్లయినా అణచగలిగారు. 1948 నాటి ముచ్చట అది. గర్వపడాల్సిందే. అయితే ఈ చరిత్రలో విశాఖ, శ్రీకాకుళం తీరానికీ సొంత అధ్యాయం ఉంది. అందులో కొత్త మందేమీ లేదు, అందుకేనేమో ఎవరికీ పట్టలేదు.

చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టి పీల్చడమే అడ్డపొగ. జాలరి పేటల్లో, పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లకు ఎక్కువగా ఉన్న అలవాటిది. గాలికి ఆరదు, చుట్ట తొందరగా అయిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. సెగంతా అంగిలికి తగులుతుంది. మొదట అంగిలి తెల్లగా పాలిపోయి మందమవుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలతాయి. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మామూలుగా గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. ఈ తీరంలో మాత్రం కేసులు కనబడుతూనే వచ్చాయి. కారణం అడ్డపొగేనని 1957లోనే డి.గోవిందరెడ్డి, వి.కె.రావు వ్యాసం రాశారు. 1971లో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా బృందం అదే సంగతి లెక్కలతో చూపించింది.

ఇంకా ముఖ్యమైన సంగతి తర్వాతిది. శ్రీకాకుళంతో సహా దేశంలో మూడు చోట్ల 36,000 మంది పొగాకు వాడకందార్లకు ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పి, నోళ్లు చూస్తూ వచ్చిన అధ్యయనం 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడింది. చెబితే మానేవాళ్లున్నారని, మానితే నోటిలో మచ్చలు తగ్గుతాయని తేలింది.

ఇవాళ విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రేడియేషన్ కోసం ముంబయి రైలెక్కే బాధ చాలామందికి తప్పింది, కాదనను. కానీ మన రాజకీయం మంచాల లెక్క దగ్గరే ఆగిపోతోంది. 30 ఏళ్లు దాటినవారి నోరు చూడాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమమే చెబుతోంది. దానికి కావలసింది ఒక టార్చిలైటు, కాస్త శిక్షణ. చిక్కల్లా వేళ దగ్గరే. ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం పేటకు వచ్చేసరికి చేపలమ్మే మనిషి గంపతో బజారులో ఉంటుంది. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో, వేలం పక్కనే బల్ల వేసుక్కూర్చుంటే తప్ప ఆ నోళ్లు మనకు దొరకవు.