చెత్త గ్రూపులో లేని ముగ్గురు

ఆ రోజు మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడున్నరకే ఒక ఫోటో పడింది. సెల్లార్‌లో లిఫ్ట్ పక్కనుండే ఆకుపచ్చ డ్రమ్ము, దాని మీద చిరిగిన కవరు, అందులోంచి బయటికి జారిన పిల్లల డైపర్లు, వాటి మీద రాత్రి మిగిలిన సాంబారు. కింద ఒకటే మాట: "ఇది ఎవరి పనో వాళ్ళకే తెలుసు." మధ్యాహ్నం అయ్యేసరికి 40కి పైగా మెసేజ్‌లు. చిన్నపిల్లలున్న ఫ్లాట్లు ఐదు కాబట్టి అనుమానం ముందు ఐదిళ్ళ మీదికి పోయింది. వాటిలో మూడు అద్దె ఇళ్ళు. కాసేపటికి మిగిలిన రెండూ జాబితాలోంచి వాటంతటవే తప్పుకున్నాయి. రెండో అంతస్తాయన ఎవరూ అడక్కుండానే "మా బాబుకి డైపర్లు మానిపించి ఆర్నెల్లయింది" అని వాంగ్మూలం ఇచ్చుకున్నారు. సాయంత్రం ఎవరో డ్రమ్ము కెలికి ఒక కొరియర్ అట్టపెట్టె తీసి, దాని మీది ఫ్లాటు నంబరు ఫోటో పెట్టారు. ఆ పెట్టె వాళ్ళదే గానీ డైపర్లు వాళ్ళవి కావు. వాళ్ళింట్లో ఉన్నది అరవై దాటిన ఇద్దరే. ఆ ఇద్దరూ నెల రోజుల పాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇలాంటి గొడవ జరగని అపార్ట్‌మెంటు హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ, విశాఖలో గానీ ఉంటుందనుకోను. జరిగినప్పుడల్లా తేల్చే కారణం కూడా ఒకటే. మనవాళ్ళకు సివిక్ సెన్స్ లేదు, చదువుకున్నా బుద్ధి రాలేదు, అద్దెకొచ్చినవాళ్ళకు ఇల్లంటే పట్టదు. ఈ మాట అనేవాళ్ళలో నేనూ ఉండేవాణ్ణి. ఇప్పుడు నాకది నిజమనిపించడం లేదు. అదే మనిషి విడి ఇంట్లో ఉన్నన్నాళ్ళు చెత్త బండి అబ్బాయి చేతికి డబ్బా అందించేటప్పుడు కాస్త సర్ది ఇచ్చేవాడు. డబ్బా ఎవరిదో, అందులో ఏముందో ఎదుటి మనిషికి కనిపిస్తుంది కనుక. అపార్ట్‌మెంటులోకి మారాక ఆ డబ్బాకు ముఖం పోయింది. 20 ఇళ్ళ చెత్త ఒక డ్రమ్ములో పడితే అది ఎవరి చెత్తా కాదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత చెప్పినవాళ్ళు డ్రమ్ముల్ని చూసి ఉండరు, అంతే తేడా.

పైగా మాలాంటి అపార్ట్‌మెంట్లు ఒక విచిత్రమైన సందులో ఇరుక్కున్నాయి. రోజుకు 100 కిలోల చెత్త దాటితే దాన్ని భారీగా చెత్త పుట్టించే చోటుగా లెక్కగడుతుంది చట్టం. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఉన్న ఈ లెక్క, వాటి స్థానంలో వచ్చిన 2026 నిబంధనల్లోనూ ఉంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకు అందుకే మేనేజరుంటాడు, ఎరువు తయారుచేసే గుంతలుంటాయి, నోటీసు వస్తుందన్న భయం ఉంటుంది. ఇంటికి కిలో, కిలోన్నర వేసుకున్నా మా 20 ఫ్లాట్లది 30 కిలోలు దాటదు. విడి ఇంటి ముఖాముఖీ లేదు, పెద్ద కాలనీ యంత్రాంగమూ లేదు. ఉన్నదల్లా సెక్రటరీ ఒకాయన, రిటైరయ్యాక తీరిక దొరికి ఒప్పుకున్నవాడు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆ గ్రూపులో ఉన్న 30 మందిలో చెత్త ముట్టుకునేవాళ్ళు దాదాపు లేరు. ముట్టుకునేవాళ్ళలో మొదటి మనిషి పనావిడ. మా ఫ్లాట్లలో చెత్త కిందికి దిగేది ఎక్కువగా ఆవిడ చేతుల్లో. సింకు పక్కన ఏ డబ్బాలో ఏముందో ఆవిడకు తెలుసు గానీ, కింద ఏ డ్రమ్ములో ఏది వెయ్యాలో ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పామని అనుకుంటాం, చెప్పింది గ్రూపులో. ఒకే మనిషి నాలుగిళ్ళలో చేస్తుంది, నాలుగిళ్ళలో నాలుగు పద్ధతులు. ఒకచోట రెండు డబ్బాలు, ఒకచోట ఒకటే బుట్ట, ఇంకోచోట అన్నీ కలిపి నల్ల కవరులో ముడి. ఆమె నాలుగూ పట్టుకుని ఒక్కసారే లిఫ్ట్‌లో దిగుతుంది.

రెండో మనిషి వాచ్‌మన్ భార్య. చెత్త పని ఆమెదని ఏ కాగితం మీదా లేదు. జీతం భర్తకు, డ్రమ్ములు ఆమెకు. తెల్లారేలోపు కుక్కలు చింపిన కవర్లు ఏరేది ఆమే, పొడి చెత్తలో పడిన అన్నం తీసేది ఆమే, బండి వచ్చేసరికి డ్రమ్ములు గేటు దాకా ఈడ్చేదీ ఆమే. పైన 20 ఇళ్ళవాళ్ళు వేరు చెయ్యని చెత్తను కింద ఆమె చేతులు వేరు చేస్తున్నాయి. చేతులకు తొడుగులు కొనివ్వాలని ఒక మీటింగులో అనుకున్నాం, అది మినిట్స్‌లో ఉంది.

మూడో మనిషి ఆటో అబ్బాయి. 2015 చివర్లో హైదరాబాద్ కార్పొరేషన్ స్వచ్ఛ ఆటోలు దింపినప్పుడు వాటిని చాలావరకు డ్రైవర్లకే సొంతమయ్యే పద్ధతిలో ఇచ్చింది. ఇళ్ళ నుంచి నెలనెలా వచ్చే డబ్బు, చెత్తలో ఏరుకున్న అట్టా ప్లాస్టిక్కూ అమ్మగా వచ్చింది, ఇదీ అతని రాబడి. అట్టపెట్టె మీద సాంబారు ఒలికితే మనకు అది కంపు, అతనికి ఆ పూట తగ్గిన కిలో బరువు. నేనొక రోజు గేటు దగ్గర నిలబడి అతన్ని అడిగాను, మేం ఏం చేస్తే నీకు బాగుంటుందని. రంగుల డబ్బాల గురించి చెప్తాడనుకున్నాను. "పులుసు కవర్లో కట్టి ఎయ్యకండి సార్, సింకులో వంచేసి గట్టిది ఇయ్యండి" అన్నాడు. కవరు పగిలితే ఆటో నిండా కారుతుందట, దాంతో మిగతా వీధి మొత్తం పొడి చెత్త పాడైపోతుందట. మేం నాలుగేళ్ళుగా పోట్లాడుకుంటున్న విషయాల జాబితాలో పులుసు లేనే లేదు.

తడి, పొడి అనే మాటలు మనకు కార్పొరేషన్ నేర్పిందని అనుకుంటాం గానీ, మా అమ్మమ్మ ఊళ్ళో ప్రతి పెరట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడుగు, కూరగాయ తొక్కలు, మిగిలిన గంజి అందులోకి. గేదె లేని ఇంటివాళ్ళు కుడితి తెచ్చి పక్కింటి తొట్టిలో పోసేవాళ్ళు, పండక్కి అటునుంచి చెంబెడు పాలు వచ్చేవి. పేడా ఊడుపూ పెంటకుప్పకి పోయి, ఎండాకాలంలో పొలం చేరేవి. పాత ఇనుముకు ఉల్లిపాయలు, పాత చీరలకు స్టీలు గిన్నెలు. పెంటకుప్ప హద్దు జరిపారని అన్నదమ్ములు తగవు పడి పెద్దమనుషుల దగ్గరికెళ్ళిన సంగతులూ ఉన్నాయి, అదేదో స్వర్ణయుగమని కాదు. కానీ ఆ తగవు "నాది నాకు కావాలి" అని. ఇప్పటిది "ఇది నాది కాదు" అని.

ఈ మార్పు మధ్యలో ఇంకో ముడి ఉంది. దాని గురించి ఎవరం బయటికి మాట్లాడం. కంచంలో ఉన్నంతసేపు అన్నం పరబ్రహ్మం, కంచం దాటితే ఎంగిలి. ఎంగిలి ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి, ముట్టుకునే పని ఇంకొకరిది. ఆ ఇంకొకరు ఏ కులాలవాళ్ళో మనందరికీ తెలుసు. ఇంట్లో వేరు చెయ్యమనేసరికి చాలామందికి అది శ్రమగా కాక చిన్నతనంగా అనిపించడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. సివిక్ సెన్స్ పాఠాలు ఈ గుమ్మం దగ్గర ఆగిపోతాయి.

డబ్బాలు పంచితే మార్పు వస్తుందని ప్రభుత్వాలు నమ్మాయి. హైదరాబాద్‌లో ఇంటికి రెండు, ఆకుపచ్చా నీలం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంలో ఇంటికి మూడు, ఎరుపు అదనం. మా బంధువుల ఇళ్ళలో ఆ డబ్బాలు నీళ్ళు పట్టుకోడానికీ కరివేపాకు మొక్కకీ బాగా పనికొచ్చాయి. అక్కడ చెత్త సేకరణకు రుసుం పెడితే అది చెత్త పన్నుగా రాజకీయమై, ప్రభుత్వం మారాక రద్దయింది. దానికి భిన్నంగా, ఎప్పుడో 2000ల మొదట్లోనే సూర్యాపేట మున్సిపాలిటీ వీధి కుండీలు ఎత్తేసి, ఇంటింటికీ మనిషిని పంపి, తడీ పొడీ వేరుగా తీసుకుని దేశమంతా పేరు తెచ్చుకుంది. అక్కడ పని చేసింది డబ్బా రంగు కాదని నా నమ్మకం. ఒక చెయ్యి ఇచ్చింది, ఇంకో చెయ్యి తీసుకుంది, మధ్యలో ముఖం లేని కుండీ లేదు. హైదరాబాద్‌లోనూ వీధి కుండీలు తీస్తూ వచ్చారు. కొన్ని మూలల్లో చెత్త వెయ్యకుండా సిబ్బంది ముగ్గులు పెట్టాల్సి వచ్చింది, అది వేరే కథ. అపార్ట్‌మెంట్లు మాత్రం ఆ వీధి కుండీనే సెల్లార్‌లోకి తెచ్చుకుని మూత పెట్టుకున్నాయి.

డైపర్ల దగ్గరికి తిరిగొస్తాను, అసలు గొడవ వాటిది కనుక. 2026 నిబంధనలు చెత్తను నాలుగుగా విడగొట్టమంటున్నాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సినవి. మూడోది చాలా అవసరం, చాలా కష్టం కూడా. ఆడవాళ్ళ ప్యాడ్ల గురించి 30 మంది ఉన్న గ్రూపులో ఎవరు మాట్లాడతారు? కాబట్టి అవి నల్ల కవర్లో, కూరగాయ తొక్కల కింద, ఎవరికీ కనపడకుండా తడి డ్రమ్ములోకి వెళ్తాయి. వాటిని చుట్టి పారేసేందుకు కవరు తయారీదారులే ఇవ్వాలని 2016 నిబంధనల్లోనే ఉంది. మా అన్నయ్య కూతురికి కొనే డైపర్ ప్యాకెట్లలో అది నాకెప్పుడూ కనిపించలేదు. సిగ్గుతో దాచినదాన్ని నిర్లక్ష్యంతో పారేసినదిగా లెక్కగట్టి ఫోటో పెడితే, మర్నాటి నుంచి దాన్ని ఇంకా లోతుగా దాస్తారు తప్ప వేరు చెయ్యరు. ఫోటోలతో వచ్చే చిక్కే ఇది. నాలుగో అంతస్తులో ఉండే లెక్చరర్‌గారు ఒక పని చేశారు. పాత పేపర్లు కత్తిరించి సంచుల్లా అంటించి, పిల్లలున్న ఐదిళ్ళకూ స్వయంగా వెళ్ళి, "అమ్మాయ్, వీటిలో చుట్టి పక్కన పెట్టమను మీ పనావిడని" అని చేతికిచ్చారు. ఐదిట్లో మూడిళ్ళు ఆ పద్ధతిలోకి వచ్చాయి. మిగతా రెండూ రాలేదు. ఒకటి అద్దె ఇల్లు, ఇంకోటి సొంతదారుడిది.

ఊరికి కూడా పొరుగువాళ్ళుంటారు. హైదరాబాద్ చెత్త ఎక్కువగా వెళ్ళేది ఈశాన్య అంచున ఉన్న జవహర్‌నగర్‌కు, 300 ఎకరాలకు పైగా ఉన్న యార్డుకు. చుట్టుపక్కల దమ్మాయిగూడ వైపువాళ్ళు వాసన గురించీ నీళ్ళ గురించీ ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. మా సెల్లార్ ఫోటో లాంటివి వాళ్ళ దగ్గర వందలుంటాయి. అవి పెట్టడానికి మనందరం ఉన్న గ్రూపు లేదు.

మొన్న ఆదివారం మీటింగులో ఎజెండా ఒకటే, డ్రమ్ముల దగ్గర కెమెరా. ఎవరో అన్నారు కాబట్టి వాచ్‌మన్ భార్యను కూడా పిలిచారు. కుర్చీ వేసినా కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడింది. నీకేం కావాలని అడిగితే, "డైపర్లు వేరే కవర్ల కట్టియ్యిండ్రి సార్, మిగిలింది నేను జూస్కుంట" అంది. అందరూ తలూపారు. తర్వాత కెమెరా కొటేషన్లు మూడూ చదివి, మధ్యది ఖాయం చేశారు. ఈ నెల మెయింటెనెన్స్‌లో ఫ్లాటుకు 350 రూపాయలు కలిసింది. చేతి తొడుగులు ఇంకా మినిట్స్‌లోనే ఉన్నాయి.