ఎర్రమట్టి దిబ్బలు తెల్లబడిన వైనం

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలు తెల్లబడ్డాయి. ఇసుకలో ఉన్న ఇనుము వేల ఏళ్లు తుప్పు పట్టి పట్టి తెచ్చుకున్న ఎరుపు అది. జాతీయ భూవారసత్వ స్థలమని గుర్తింపు కూడా ఉంది. మా మేనల్లుడు ఒక్క ఆదివారం రాత్రి మంచం మీద పడుకుని, లాప్‌టాప్‌లో ఆ దిబ్బలను ఇడ్లీరవ్వ రంగుకు తెచ్చేశాడు.

ఈ ఘనకార్యానికి మూలం పొదుపు. ప్రీవెడ్డింగ్ షూట్‌కు ఫొటోగ్రాఫరు 1,20,000 అడిగాడట. మన ఫొటోలు మనమే తీసుకుంటే పోలా అని మావాడు 1,60,000 పెట్టి కెమెరా, లెన్సు, ట్రైపాడ్ కొన్నాడు. మిగిలిందెంతో సాఫ్ట్‌వేర్ వాళ్లకే తెలియాలి. మూడు యూట్యూబ్ వీడియోలు చూశాడు. మూడింట్లోనూ గోల్డెన్ అవర్ (పొద్దు పొడిచే, కుంకే వేళల బంగారు వెలుగు) అన్నారని తెల్లవారుజామున నాలుగింటికి మమ్మల్ని లేపాడు. మేమంటే నేను, పెళ్లికూతురు, ఆమె తమ్ముడు, ఒక థర్మోకోల్ షీటు. ఆ షీటు పేరు రిఫ్లెక్టరు.

నా ఉద్యోగం ఫోకస్. వాళ్లు నిలబడాల్సిన చోట ముందు నేను నిలబడాలి. నా ముఖం మీద ఫోకస్ లాక్ చేశాక పక్కకు తప్పుకోవాలి. "కొంచెం సిగ్గుపడు మావయ్యా, మూడ్ తెలుస్తుంది" అన్నాడు. 58 ఏళ్ల వాణ్ని, పొద్దున్నే ట్రైపాడ్‌ను చూసి సిగ్గుపడ్డాను.

టైమరు 10 సెకన్లు. వాడు బటన్ నొక్కి, పట్టుపంచె ఎగ్గట్టి, జారే మట్టిలో పరుగెత్తి, పెళ్లికూతురి పక్కకు చేరి, ప్రేమగా చూడాలి. మొదటి ఫొటోలో వాడి వీపు పడింది. రెండో దాంట్లో ఆమె, వాడి చెయ్యి, మధ్యలో మూడడుగుల ఖాళీ. మూడో దాంట్లో పైపంచె ఒక్కటే వేళకు చేరింది. ఆరోసారి మనిషి చేరాడు గానీ రొప్పుతున్నాడు, ప్రేమ కన్నా ఆస్తమా ఎక్కువ కనబడింది. పదకొండోసారి గాలికి థర్మోకోల్ లేచిపోతే, బావమరిదీ నేనూ దాని వెనక పడ్డాం. ఆ ఒక్క ఫొటోలోనే పెళ్లికూతురు నవ్వింది, పళ్లన్నీ కనబడేలా, పొట్ట పట్టుకుని. కంపోజిషన్ బాలేదని దాన్ని డిలీట్ చేశాడు. (ఫోన్‌తో కూడా ఆ బటన్ నొక్కొచ్చని మర్నాడు తెలిసింది. నాలుగో వీడియోలో ఉందట.)

తర్వాత ఎడిటింగ్. ఆకాశం బోసిగా ఉందని ఇంకెక్కడిదో ఆకాశం తెచ్చి అతికించాడు. సూర్యుడు వాళ్ల వెనక ఉన్నాడు, వాళ్ల నీడలు కూడా సూర్యుడి వైపే పడుతున్నాయి. అంతటితో ఆగాడా? ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగుకు విడివిడిగా స్లైడర్లు ఉంటాయి. మనుషుల చర్మం చాలావరకు ఆరెంజ్ కింద పడుతుంది. దాని ల్యూమినెన్స్, అంటే వెలుగు, స్లైడరు కుడికి జరిపితే మనిషి తెల్లబడుతుంది. వీడు ఆ చివరిదాకా లాగాడు. స్లైడరుకు పాపం పక్షపాతం తెలీదు. మట్టీ ఆరెంజే, గోరింటాకూ ఆరెంజే, అన్నీ పాలిపోయాయి. పుట్టింటివాళ్లు చేయించిన ఆరు కాసుల హారం జర్మన్ సిల్వర్ అయింది.

హారం పోతే పోయింది. ఆ పిల్లది చామనఛాయ. వీడు నాలుగేళ్లు వెంటపడ్డది ఆ ముఖం కోసమే. మరి ఎవరి కోసం చెరిపావురా అంటే, "అందరూ చేస్తారు మావయ్యా, ఫ్లెక్సీలో బాగుంటుంది" అంటాడు. ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్లే 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసుకున్నారు. వీడికి ఆపాటి సిగ్గు కూడా లేదు. "కాస్త రంగు తక్కువే గానీ కళగల పిల్ల" అని పుట్టినప్పటి నుంచీ ఎంతమంది అన్నారో, ఆ "గానీ" ఎన్నిసార్లు మింగిందో! ఆ మాట అనని వాడు ఒక్కడు దొరికాడనుకుని ఉంటుంది. వాడు నోటితో అనలేదు, వేలితో లాగాడు. ఒరేయ్, రేపు తాళి ఎవరి మెడలో కడతావురా? ఫ్లెక్సీలో ఉన్న ఆ తెల్లపిల్ల ఎక్కడుందో వెతికి తెచ్చుకో!

ఇదంతా వాడి ముఖం మీదే అన్నాను. తలొంచుకుని విన్నాడు. రెండు రోజులకు కొత్త కాపీ, కింద మెసేజ్ వచ్చాయి.

"నువ్వన్నది కరెక్టే మావయ్యా. దిబ్బలు అసలు గుర్తుపట్టేలా లేవు. మాస్క్ వేసి, మట్టి వరకు ఒరిజినల్ కలర్ తెచ్చేశా."