చవక రంగులతో తైలవర్ణపు మందం

వాన్ గో చిత్రాల మీద కుంచె నడిచిన దారి నేటికీ గట్లు గట్లుగా కనిపిస్తుంది. ఇంపాస్టో అనే ఈ పద్ధతిని చిన్న సీసాల్లో దొరికే ఆక్రిలిక్ క్రాఫ్ట్ రంగులతో సాధించాలనుకునేవారు సాధారణంగా రంగునే దట్టంగా మెత్తుతారు. పూసినప్పుడు ముచ్చటగా నిలబడిన గట్టు తెల్లారేసరికి కుంగిపోయి, ఒక్కోసారి పగుళ్లిచ్చి ఉంటుంది.

దీనికి చేతిని నిందించి లాభం లేదు. తైలవర్ణంలోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందులోంచి ఆవిరైపోయేది చాలా తక్కువ కనుక గట్టు గట్టుగానే మిగులుతుంది. 1950లలో చిత్రకారుల చేతికొచ్చిన నీటి ఆక్రిలిక్ దారి వేరు. నీరు ఆవిరైపోయాక పాలిమర్ కణాలు ఒకదానికొకటి అతుక్కుంటేనే అది పొరగా మారుతుంది. పలుచగా పరుచుకునేలా తయారైన క్రాఫ్ట్ రంగులో నీటి పాలు ఎక్కువ కాబట్టి, ఆ నీరు పోయిన మేరకు మందమూ పోతుంది.

అందుకే మందం బాధ్యతను రంగుకు అప్పగించడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. ముందుగా మోడలింగ్ పేస్టు అనే చిక్కటి తెల్లటి ముద్దతో, ప్యాలెట్ నైఫ్ అనే చిన్న చాకు సాయంతో గట్లన్నీ తీర్చి, పూర్తిగా ఆరాక రంగు వేయాలి. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు: తంజావూరు చిత్రకారులు సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగలను ఉబ్బెత్తుగా మలిచి, ఆ తర్వాతే బంగారు రేకు అతికిస్తారు. పేస్టు ఖరీదనుకునేవారు సుద్దపొడిని ఫెవికాల్‌తో కలుపుకుంటున్నారు. చెక్క బోర్డు మీద అది బాగానే నిలుస్తుంది గానీ, వదులయ్యే, బిగిసే కాన్వాస్ మీద పగిలే ప్రమాదం ఉంది. గోడలకు వాడే పుట్టీ మరీ పెళుసు.

గట్టు ఆరాక ముదురు రంగును పలుచగా పూసి, వెంటనే తడిగుడ్డతో తుడిస్తే పల్లాల్లో నీడ మిగిలి శిఖరాలు తేలుతాయి. ఆ శిఖరాల మీద, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత రంగును తాకించాలి. తడిగా ఉన్నప్పుడు పాలలా ఉండే, ఆక్రిలిక్ రంగులోని జిగురు ఆరితే పారదర్శకమవుతుంది కాబట్టి రంగు కాస్త ముదురుతుంది; కలిపేటప్పుడే ఒక ఛాయ లేతగా ఉంచుకోవడం మంచిది. చివరగా పూసే మెరుపు వార్నిష్‌ను చాలామంది అలంకారంగా చూస్తారు. క్రాఫ్ట్ రంగులు చాలావరకు మెరుపు లేకుండా, సున్నం పూసినట్టు ఆరతాయి గనుక తైలవర్ణపు లోతు వచ్చేది నిజానికి ఆ వార్నిష్‌తోనే.

ఒక్క విషయంలో మాత్రం రాజీ తప్పదు. తడి రంగులోకి తడి రంగును గంటల తరబడి మెల్లగా కలుపుకుంటూ పోయే తీరిక ఆక్రిలిక్ ఇవ్వదు. మే నెలలో ఫ్యాను కింద కూర్చుంటే ప్యాలెట్ మీదే పెచ్చు కడుతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ అనే ద్రవం కలిపితే కొంత వ్యవధి దొరుకుతుంది, అంతే. ఆ కలయికే కావాలనుకునేవారు చివరి పొర ఒక్కటి తైలవర్ణంతో వేసుకోవచ్చు. బాగా ఆరిన ఆక్రిలిక్ మీద నూనె రంగు నిలుస్తుంది. నూనె మీద ఆక్రిలిక్ పూస్తే మాత్రం పెచ్చులుగా ఊడిపోతుంది.